కొట్టేసిన వాక్యం

బావా,

నీ ఉత్తరం అందింది. చాలా బాగుంది. మరీ బాగుంది. అందుకే మొదటిసారి చదివి సంతోషించాను, రెండోసారి చదివి ఆలోచనలో పడ్డాను, మూడోసారి చదివాక లేచి తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను.

"ప్రియమైన నీకు" అని మొదలుపెట్టావు. పెళ్లికి ముందు మరదలిగా, పెళ్లయ్యాక పెళ్లాంగా నన్ను ఎన్నో రకాలుగా పిలిచావు. ఏమే అన్నావు, ఒసేయ్ పిల్లా అన్నావు, కోపం వస్తే మహాతల్లీ అన్నావు. ప్రియమైన అనే మాట నీ నోట్లోంచి గానీ, కలంలోంచి గానీ వచ్చిన పాపాన పోలేదు. దాని తర్వాత "నీ క్షేమ సమాచారాలు తెలిసి మనసుకు ఎంతో ఊరట కలిగింది" అట. ఊరట! ఆ మాట నీకెవరు చెప్పారు? ఆ కింద "పని ప్రదేశంలో కొంత ఒత్తిడి ఉన్నప్పటికీ పరిస్థితులు క్రమంగా చక్కబడుతున్నాయి" అట. కొండ తొలిచే మిషను నడిపేవాడు మంత్రిగారిలా మాట్లాడితే పెళ్లాం ఏమనుకోవాలి? తలకట్టు సగంలో వదిలేసి పరిగెత్తే ఆ కోడిగీత నీది కాక ఇంకెవరిది, అందులో సందేహం లేదు. కానీ అక్షరాలు నీవి, మాటలు నీవి కావు. ఇదీ నా అనుమానం. కడుపులో దాచుకుని సాగదీయడం నాకు చేతకాదు, ముందే చెప్పేస్తున్నాను.

అత్తకి కూడా చదివి వినిపించాను. భోజనాలయ్యాక నీ ఉత్తరం పైకి చదవడం మాకు అలవాటే కదా. ఎప్పుడూ నువ్వు రాసింది వింటూ, "వీడి మొహం, ఉత్తరం రాయడం కూడా రాదు" అని పకపకా నవ్వేది. ఈసారి నవ్వలేదు. చివరిదాకా విని, ఎవరు రాశారని అడిగింది. నీ కొడుకే అత్తా అన్నాను. "మావాడిలా లేదే. బ్యాంకు వాళ్లు రాసినట్టుంది" అంది. కన్నతల్లే గుర్తుపట్టలేకపోతే ఇక నేనెంత?

నా చదువు ఏ విధంగా సాగుతున్నదని అడిగావు. ఇదివరకైతే "ఆ బడి ఎప్పుడైపోతుందే" అని అడిగేవాడివి. సాగుతోంది. పగలంతా ఆసుపత్రి ఆఫీసులో కూర్చుని రోగుల చేతికిచ్చే కాగితాలు రాస్తాను. ఆపరేషనుకి ముందు ఏం తినకూడదు, కట్టు ఎప్పుడు విప్పాలి, జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి. సాయంత్రం బస్సెక్కి క్లాసుకి పరుగు. ప్రొఫెషనల్ కమ్యూనికేషన్ అండ్ రైటింగ్‌లో పీజీ అంటే ఏమిటో అత్తకి ఇప్పటికీ అంతుపట్టలేదు. "రాయడం నేర్చుకోవడానికి అంత పెద్ద చదువెందుకే, ఒకటో తరగతిలో నేర్పలేదా" అంటుంది నాతో. పక్కింటావిడతో మాత్రం మా కోడలు ఉత్తరాల డాక్టరు చదువుతోందని గొప్పగా చెప్పుకుంది.

మా మాస్టారిది ఒక పద్ధతి. పుస్తకంలో ఉన్నవి దిద్దించడు. ఇంట్లోంచి నిజంగా ఎవరో ఎవరికో రాసిన కాగితం తెమ్మంటాడు. ఒక ఉత్తరానికి ఒకటే పని ఉండాలి, ఆ పనికి అక్కరకురాని వాక్యం ఎంత ముద్దొచ్చినా కొట్టెయ్యాలి అంటాడు. అందుకే పోయిన నెల నీ ఉత్తరం తీసుకుని ఎర్ర కలంతో దిద్ది, పక్కన శుభ్రంగా తిరగరాసి, రెండూ కలిపి నీకు పంపాను. గుర్తుందిగా? చెప్పు తెగింది, వంటవాడు పారిపోయాడు, నీ గదిలో ఉండే బక్కోడి గురకకి నిద్ర లేదు, కొండ లోపల టకటకమని చప్పుడొస్తోంది, అమ్మ మోకాలు ఎలా ఉంది, స్కూటరు వానలో పెట్టకు, ఇలా అన్నీ ఒకే ఊపిరిలో రాసి పారేశావు. చెప్పుకీ అత్త మోకాలికీ మధ్యలో కొండేమిటి బావా? ఆ వాక్యం కొట్టేసి పక్కన "అనవసరం" అని రాశాను. చెప్పూ, వంటవాడూ, గురకా, స్కూటరూ కూడా పోయాయి. చివరికి ఉత్తరమంతా అత్త మోకాలి గురించే మిగిలింది, అద్దంలా. మాస్టారు మెచ్చుకుని క్లాసులో అందరికీ చూపించాడు. నువ్వు చూసి నవ్వుకుంటావనుకున్నాను. దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. అందిందో లేదో కూడా తెలియదు.

అతి వినయం ధూర్త లక్షణం అన్నారు పెద్దలు. ఇంత వినయంగా రాయడానికి పక్కన కూర్చుని ఎవరైనా చెబుతున్నారా? ఊరికే అడుగుతున్నాను. ఫోనులోనే అడిగేదాన్ని. కానీ మీ క్యాంపులో ఉన్న ఆ ఒక్క ఫోను దగ్గర నీ వెనక పదిమంది నిలబడతారు, నువ్వు ఆ, ఊ, సరే తప్ప ఇంకో మాట మాట్లాడవు. కాబట్టి సామాన్ల వ్యాను వచ్చినప్పుడు దాంతో జవాబు పంపు. నీలా రాయి.

నీ మరదలు

*

బావా,

అడిగినదానికి జవాబు లేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నావు. ఉత్తరం మాత్రం ముందుదానికంటే ఇంకా నునుపుగా ఉంది. చేత్తో నిమిరితే జారిపోయేలా ఉంది.

మా క్లాసులో ఒక అభ్యాసం చేయిస్తారు. కాగితం మీద ఉన్నదాంట్లో కంటితో చూడగలిగింది, చేత్తో ముట్టుకోగలిగింది ఏదైనా ఉంటే దాని కింద పచ్చ పెన్సిలుతో గీత గీయాలి. గీత పడనిదంతా గాలి. నీ పాత ఉత్తరాలు బీరువాలోంచి తీసి గీశాను. కాగితం పచ్చబడిపోయింది. తెగిన చెప్పు, పారిపోయిన వంటవాడు, తడిసిన పరుపు, నీ సబ్బు వాడేసే బక్కోడు. ఆ తర్వాత ఈ రెండు కొత్త ఉత్తరాలూ తీసుకుని కూర్చున్నాను. పెన్సిలు చేతిలోనే ఉండిపోయింది. బాధ్యత, సహకారం, సానుకూల వాతావరణం, మనోధైర్యం. ఎంత వెతికినా గాలే. రెండు ఉత్తరాల్లోనూ కలిపి గీత పడింది ఒకే ఒక్క చోట.

"ఇక్కడి ఆరోగ్య కేంద్రంలోని నర్సు గారు ఎంతో దయగల వ్యక్తి. వారి సహకారంతో తగినంత విశ్రాంతి లభిస్తున్నది."

ఏం విశ్రాంతి బావా? నర్సుగారి సహకారంతో లభించే విశ్రాంతి ఎలాంటిదో కాస్త నాకూ తెలిసేలా చెప్పు. నేను పనిచేసేది ఆసుపత్రిలో. నర్సులని రోజూ చూస్తున్నాను. పాపం వాళ్లకి దయ చూపించే తీరిక ఉండదు. ఒక మంచం దగ్గరనించి ఇంకో మంచానికి పరిగెత్తడంతోనే సరిపోతుంది. మీ క్యాంపులో నర్సుకి అంత తీరిక ఎక్కడిది? ఆ తీరికంతా నీకే ఎందుకు? ఇక్కడి హెడ్ నర్సుని మాటల్లో పెట్టి అడిగాను, దెబ్బా గాయం లేని మగాడు నర్సు దగ్గరికి ఎందుకు వెళతాడని. ఆవిడ నవ్వి, రెండే కారణాలు, ఒకటి నిద్ర పట్టకపోవడం, రెండోది నేను చెప్పను అంది. ఆ చెప్పనిది విన్న దగ్గరనించీ నాకు అన్నం సయించడం లేదు. నిద్ర పట్టకపోవడం నీకెలాగూ లేదు. పిడుగు పడ్డా లేవని మనిషివి. మన పెళ్లినాడు మండపంలోనే కునికావు.

ఇంకొకటి. బక్కోడేమయ్యాడు? నువ్వు అక్కడికి వెళ్లినప్పటినించీ వాడు లేని ఉత్తరం లేదు. గురక పెడతాడని, నీ సబ్బు అరగదీస్తాడని, సంబంధం కుదిరింది, ఒకటే సిగ్గుపడుతున్నాడని రాసేవాడివి. వాడి పెళ్లికి నన్నూ తీసుకెళతానన్నావు. చీర కూడా అనుకుని పెట్టుకున్నాను. అలాంటిది రెండు ఉత్తరాలుగా వాడి ఊసే లేదు. గది మారావా? మారితే ఎందుకు మారావు? ఇప్పుడు నీ గదిలో ఉండేది ఎవరు? నువ్వు చెప్పకపోతే నా బుర్ర ఎంత దూరం పోతుందో నీకు బాగా తెలుసు.

నీ చేతిరాత కూడా తేడాగా ఉంది. కోడిగీతే అనుకో, కానీ ఇదివరకు ఆ కోడి దర్జాగా నడిచేది. ఇప్పుడు సున్నాలు చెదిరిపోతున్నాయి, గీతలు వంకర తిరుగుతున్నాయి. అత్తకి చూపించాను. ఆవిడకి చదువు రాకపోయినా కొడుకు రాత గుర్తుపడుతుంది. అక్కడ చలి ఎక్కువేమోనే అంది. చలికాలంలో కూడా చొక్కా లేకుండా వరండాలో పడుకునే మనిషికి చలా? అబద్ధం రాసేటప్పుడు చెయ్యి వణుకుతుంది. అదీ నాకు తోచింది. అనుమానం పెనుభూతం, ఊరుకోవే అని అత్త కసిరింది. కసిరి వెళ్లినావిడ కాసేపాగి మళ్లీ వచ్చి, ఆ నర్సు సంగతి రాసిన చోటు మరొక్కసారి చదవమంది.

ఇంకేం లేవు విశేషాలు. చెప్పడం మరిచాను, నీ స్కూటరు అమ్మేశాను. వరండాలో అడ్డంగా ఉంది, ఎలాగూ స్టార్టవదు. పాత ఇనుము కొనేవాడు బండి తెచ్చి ఎత్తుకెళ్లాడు. నీకేం అభ్యంతరం ఉండదనుకుంటాను.

నీ మరదలు

*

బావా,

"నీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాను."

ఈ వాక్యం నువ్వే రాశావా? నిజంగా నువ్వే?

స్కూటరు అమ్మలేదు. ఈ ఉత్తరం దాని సీటు మీద పెట్టే రాస్తున్నాను. దానిమీద ఒక్కసారి తడి దుప్పటి ఆరేశానని రెండు రోజులు నాతో మాట్లాడనివాడివి నువ్వు. మీ నాన్న పోయినప్పుడు ఇంట్లో ఎవరిముందూ ఏడవకుండా దాని పక్కకి వెళ్లి కూర్చున్నవాడివి. అలాంటిది దాన్ని తుక్కు కింద ఇచ్చేశానంటే, నువ్వు ఆ కొండలోంచి అరిచిన అరుపు ఇక్కడిదాకా వినపడాలి. వినపడలేదు. నా నిర్ణయాన్ని గౌరవిస్తున్నావు.

అది పరీక్ష. మాకు క్లాసులో నేర్పింది అదే. రాసింది ఒకరి చేతికిచ్చి, పక్కన నోరు మూసుకుని కూర్చుని, వాళ్లు ఎక్కడ తడబడతారో చూడాలి. మధ్యలో సాయం చెయ్యకూడదు. నేను చెయ్యలేదు. నువ్వు తడబడను కూడా లేదు, సాఫీగా దాటేశావు. నా పరీక్షలో నెగ్గాననే తృప్తి ఒక్క నిమిషం ఉంది. తర్వాత ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ వేళాకోళంగా రాస్తూ వచ్చాను గానీ, ఇప్పుడు ఉన్నమాట చెబుతున్నాను. నాకు భయంగా ఉంది. నీ నోట్లో మాటలు పెట్టే చనువు ఇంకెవరికో ఉందని తెలిస్తే నాకెలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించు.

నీ మూడు ఉత్తరాలూ క్లాసుకి తీసుకెళ్లాను. సిగ్గు విడిచే తీసుకెళ్లాను. నా స్నేహితురాలి మొగుడు రాసినవని చెప్పాను. ఎవరూ నమ్మలేదు గానీ ఎవరూ అడగలేదు. మాతోపాటు ప్రకటనల కంపెనీ మనిషి ఒకడు చదువుతున్నాడు. వాక్యం కనపడితే చాలు కత్తిరిస్తాడని అందరం కత్తెర అంటాం. ఆ కత్తెర చదివి, ఇందులో కత్తిరించడానికేమీ లేదు, ఎవరో ఆరితేరినవాళ్లే రాశారన్నాడు. మాస్టారు మాత్రం కత్తెర చేతిలోంచి కాగితాలు తీసుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ మొదటినించి చదివాడు. "ఇది ఒకరు రాసిన ఉత్తరం కాదమ్మా, ఇద్దరు రాసింది. ఒకరికి ఏదో చెప్పాలని ఉంది. రెండోవాళ్లు చెప్పనివ్వడం లేదు" అన్నాడు.

నేను బస్సులో వస్తున్నంతసేపూ ఆ రెండో మనిషి మొహమే ఊహించుకున్నాను. తెల్లబట్టలు తొడిగి చూశాను. చక్కగా నప్పాయి.

ఆ చెప్పాలని ఉన్నదేమిటో కూడా ఊహించాను. నేను లేని బతుకు అలవాటైపోయిందని చెప్పాలని ఉంది నీకు. నా చదువు కోసమే నువ్వు ఆ పని ఒప్పుకుని వెళ్లావు. నువ్వు చదువుకో, ఇంటి సంగతి నేను చూసుకుంటానన్నావు. అప్పుడు ఎంత పొంగిపోయానో! చెరో దిక్కుకి వెళ్లినవాళ్లు మళ్లీ ఒక గుమ్మంలోకి వస్తారో రారో అనే ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. ఇప్పుడు అది తప్ప వేరే ఆలోచన రావడం లేదు. అత్తకి ఈసారి ఉత్తరం చదవలేదు. ఇంకా రాలేదని చెప్పాను. నమ్మినట్టు తలూపి, వత్తులు చేసుకుంటున్నట్టు ఊరికే కొంగు మెలిపెడుతూ కూర్చుంది.

నెలాఖరుకి మా ఆఖరి ప్రాజెక్టు ఇవ్వాలి. అది బాగా చేస్తే ఆసుపత్రి కాగితాలన్నీ నా చేతికే అప్పగిస్తామన్నారు. దానికోసమే ఇన్నాళ్లూ బస్సుల వెంట పరిగెత్తాను. అయినా మానేస్తాను. నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. అది కూడా ఇలాగే నున్నగా వస్తే అదే వ్యానులో సామాన్ల మధ్య కూర్చుని నేనే వస్తాను. నర్సుగారిని ఎదురుగా నిలబెట్టి అడుగుతాను.

ఎవరు రాయిస్తున్నారో చెప్పు. నన్ను తిట్టు. తప్పులతో రాయి. వద్దనుకుంటే వద్దనే రాయి, కానీ అది నీ మాటల్లో రాయి.

మరదలు

(ముందు "నీ" అని పెట్టలేదు, గమనించు.)

*

ఏమే పిల్లా,

స్కూటరు ఉందన్నావు. బతికించావు. ఆ ముక్క నాలుగుసార్లు చదివా.

అమ్మానని నువ్వు రాసినప్పుడు బూతులు తిట్టా. నిన్నే. గుమాస్తాగారి ముందే తిట్టా. ఆయన అంతా విని, తల ఊపి, నీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాను అని రాసిచ్చాడు. నేను దాన్ని చూసి రాశా. రాస్తుంటే పళ్లు పటపటా కొరికా.

ఎవరు ఎవరు అని చంపుతున్నావు కదా, ఆయనే. మీసాలున్నాయి. మనవలున్నారు. క్యాంపు ఆఫీసులో ఉత్తరాలు రాసే పని ఆయనది. నువ్వు ఎర్ర కలంతో దిద్ది పంపింది అందింది. అందకేం. కాగితమంతా ఎరుపే. నాకు సిగ్గేసింది. అంత చదువు చదువుతున్నదానికి ఇట్లాంటివా నేను రాస్తున్నది అనుకున్నా. మీ క్లాసులో కూడా అందరూ చూసి నవ్వే ఉంటారనుకున్నా. అందుకని ఆయన దగ్గరికి వెళ్లా. నేను చెప్పడం, ఆయన మంచి మాటల్లో పెట్టి కాగితం మీద రాసివ్వడం, నేను నా చేత్తో మళ్లీ రాయడం. నీకు నచ్చుతుందనుకున్నా. నచ్చకపోగా ఇంత రాద్ధాంతం చేస్తావని నాకేం తెలుసు.

ఈ ఉత్తరం ఆయనకి చూపించట్లా.

బక్కోడు లేడే. పోయాడు.

కొండలో టకటక చప్పుడు వస్తోందని రాశా కదా. నువ్వు అనవసరం అన్నావు. మా సూపర్‌వైజరుకి చెబితే ఆయనా అదే మాటన్నాడు. సరే ఇద్దరూ అన్నారు, అనవసరమే అయ్యుంటుందిలే అనుకున్నా. నువ్వు దిద్దింది నాకు అందిన వారంలోనే పైకప్పు ఊడి పడింది. నేను నీళ్లు తాగుదామని ఇవతలికి వచ్చా. వచ్చేదాకా చూడమని మిషను బక్కోడి చేతిలో పెట్టా. అది నా మిషను. నీ తప్పని రాయట్లేదు, అట్లా అనుకుని ఏడవకు. నువ్వు కొట్టేసినా ఉంచినా కొండ వినదు. సూపర్‌వైజరు వినాల్సింది, వినలా. నేనప్పుడు ఎవరో ఒకరికి చెప్పుకుందామని రాశా, అంతే.

ఇదంతా మొదటిసారే గుమాస్తాగారికి చెప్పా. ఆడవాళ్లున్న ఇంటికి ఇట్లాంటివి రాయకూడదు, భయపడతారు, ఆఫీసు కూడా ఒప్పుకోదు అన్నాడు. కొంత ఒత్తిడి ఉన్నప్పటికీ పరిస్థితులు చక్కబడుతున్నాయి అని రాశాడు. చదివితే నాకే నిజమేమో అనిపించింది. మంచి మనిషే. కానీ నేను ఎంత చెప్పినా ఆయన కలంలోంచి అది బయటికి రాలా. బక్కోడి వాళ్లింటికి కూడా ఆయనే రాశాడు. ఏమని రాశాడో నేను అడగలేదు.

చక్కబడలా. చేతులు వణుకుతున్నాయి. చలీ కాదు, అబద్ధమూ కాదు. నిద్ర పట్టట్లేదు. గురక లేకపోతే నిద్ర పట్టకపోవడం ఎక్కడైనా విన్నావా? నర్సమ్మ దగ్గరికి వెళ్తే బిళ్లలిచ్చింది. ఆవిడ మన అమ్మకంటే పెద్దది. ఎదురుగా నిలబెట్టి అడుగుతానన్నావు, అడుగు. కాస్త చెవుడు, గట్టిగా అడగాలి.

గది మారలా. వాడి మంచం అట్లాగే ఉంది. దాని పక్కన సబ్బు కూడా. అది నా సబ్బే. తీసుకోబుద్ధి కావట్లా.

రోజూ లోపలికి వెళ్తున్నా. సొరంగం మొదట్లో కాళ్లు ఆగిపోతాయి. వెనకనించి ఎవరో పదమంటారు, వెళ్తా. నాకు భయమేస్తోందే. ఇక్కడ ఎవరితోనూ అనలా. నీతో కూడా అనలేకపోయా.

నీ చదువు అయ్యేదాకా ఇక్కడే ఉంటానని మాటిచ్చా. అది తప్పినట్టవుతుంది. అయినా అడుగుతున్నా. పని మానేసి ఇంటికి రానా? నువ్వు మాత్రం ఆ ప్రాజెక్టు మానకు. మానితే ఊరుకోను. అమ్మకి చదివేటప్పుడు బక్కోడి సంగతి వదిలేసి చదువు.

తప్పులుంటే ఉండనీ. దీన్ని దిద్దకు.

బావ

*

బావా,

నీ ఉత్తరం అత్తకి చదివాను. వదిలేసి చదవమన్నావు, వదల్లేదు. ఇక నీ మాటల్లో దేన్నీ వదిలే ధైర్యం నాకు లేదు. స్కూటరు ముక్క వినగానే, "ఆ, వీడు మావాడు" అంది. మిగతాది విన్నాక నా చేతిలోంచి కాగితం తీసుకుని చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇప్పటికీ నాకు తిరిగివ్వలేదు. నీ మాటలు నాకు నోటికి వచ్చేశాయి, కాగితం ఆవిడ దగ్గరే ఉండనీ.

ఏడవకన్నావు. అది నా చేతిలో లేదు. గాలి ఏదో గట్టిది ఏదో గీత గీసి మరీ చూడటం నేర్చుకున్నాను, టకటకమన్న చప్పుడు కింద గీత గీయాలని మాత్రం తోచలేదు. ఇంకేమీ కాకపోయినా, ఏం చప్పుడు బావా అని తిరిగి అడిగి ఉండాల్సింది. నేను దిద్దింది నీ దగ్గరే ఉంది కదా, చింపకు, వచ్చేటప్పుడు తీసుకురా. ప్రాజెక్టు మాననులే, నీ మీద ఒట్టు. కానీ ఆ కాగితం క్లాసుకి తీసుకెళ్లి మళ్లీ చదవాలి. ఈసారి నేను కొట్టేసిన వాక్యంతో సహా చదువుతాను.

బక్కోడి వాళ్లింటికి నువ్వూ నేనూ వెళదాం. వాడు గురక పెట్టేవాడని, నీ సబ్బు అరగదీసేవాడని, పెళ్లి మాటెత్తితే సిగ్గుపడేవాడని వాళ్లకి ఎవరూ రాసి ఉండరు.

దిద్దవద్దన్నావు. ఒక్కటి దిద్దాను, కోప్పడకు. చివర "ఇంటికి రానా?" అని అడిగావు. ఆ ప్రశ్న కొట్టేశాను. ఇంటికి రావడానికి ఎవరైనా అడుగుతారా? ఈ ఉత్తరం తెచ్చిన వ్యాను సామాన్లు దించి ఖాళీగా తిరిగి వస్తుంది. అది ఎక్కు.

నీ మరదలు